గూడెం పొదుపు, టౌను అప్పు

దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డు వదిలి అడవిలోకి మళ్లే దారిలో ఉంది భీమక్క గూడెం. పదో తరగతి చదివిన భీమక్కకు కోయ, తెలుగు రెండూ ధారాళంగా వచ్చు. అందుకే ఖమ్మంలోని ఒక సహకార బ్యాంకు మేనేజరు ప్రభాకర్ వెతుక్కుంటూ వచ్చి, ఆమెను ఏజెంటుగా పెట్టుకున్నాడు. వేలిముద్ర మిషన్ పట్టుకుని గూడేలు తిరగాలి, ఆడవాళ్ల పొదుపు జమ చేయించాలి. అదీ పని.

మొదటి రోజే భీమక్క అడిగింది. "సారూ, మా పైసలతోని మీకేం లాభం?"

ప్రభాకర్ ఆమె అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"మీకు కొంచెం వడ్డీ ఇస్తం. అవే పైసలు అవసరమున్నోళ్లకు ఎక్కువ వడ్డీకి ఇస్తం. నడుమ మిగిలిన దాంట్లనే మా జీతాలు, ఆఫీసు కిరాయి, నీ కమీషను. పెద్ద బ్యాంకులు మీ పైసలు ఏడికో పట్టుకపోతయి. మాది గట్ల కాదు భీమక్కా. ఈడ జమైంది ఈడనే అప్పుగా తిరుగుతది. రెండేళ్లు మంచిగ జమ చేయండి. బోర్లకు, మేకలకు లోన్లిప్పించే పూచీ నాది."

ఆ మాటనే భీమక్క ఇంటింటికీ వెళ్లి కోయలో చెప్పింది. తునికాకు కూలీ, ఇప్పపువ్వు అమ్మిన డబ్బు బ్యాంకులో పడసాగాయి. పక్కింటి జంపక్క కొత్త చీర మాట కూడా మరిచి దాచింది. అడవి కొట్టి చేసుకున్న పోడు చేలో బోరు వేయించాలని ఆమె ఆశ.

రెండేళ్ల గడువు దాటింది. జంపక్క పెట్టుకున్న లోను రాలేదు. "పైనుంచి ఆర్డర్ రావాలె, జర ఓపిక పట్టున్రి" అన్నాడు ప్రభాకర్ ఫోన్‌లో. భీమక్క నమ్మింది. నమ్మి, మరో ఏడాది అందరిచేతా జమ చేయించింది.

ఆ ఏడాది బ్యాంకు వార్షిక సమావేశానికి రమ్మని ఖమ్మం పిలిచారు. వేదిక మీద ఛైర్మన్ సంతోషంగా మాట్లాడాడు. "ఏజెన్సీ గూడేల నుంచి చవగ్గా డిపాజిట్లు తెచ్చినం. ఈడ టౌన్ల, ఖానాపురం హవేలిల ఇండ్లకు, కార్లకు అప్పులిచ్చినం. లాభం పెరిగింది. ఈ ప్లాన్ మన ప్రభాకర్ గారిదే." చప్పట్లు మోగాయి. తర్వాత ఉత్తమ ఏజెంటని భీమక్క పేరు చదివారు. ఆమెకు శాలువా కప్పారు. దాన్ని కుర్చీ మీద పెట్టి కిందికి దిగింది.

మెట్ల దగ్గర ప్రభాకర్‌ను ఆపింది. "మా గూడెంల ఎవరికి లోనిచ్చిన్రు సారూ?"

"పోడు పట్టా తాకట్టుకు పనికిరాదు గదా. అది రూలు."

"ఈ రూలు మీకు ఎప్పటిసంది ఎరుక?"

అతను చూపు తిప్పుకున్నాడు. "మొదటిసంది ఉన్నదే."

"మరి మా అరుగు మీద కూసొని గట్లెందుకు చెప్పినవ్?" సారును ఆమె ఏకవచనంలో అనడం అదే మొదలు.

"చెప్పకపోతే మీరు జమ చేస్తుంటిరా?" అనేసి అతను లోపలికి వెళ్లిపోయాడు.

భీమక్క గూడేనికి వచ్చి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది.

"నీకు ముందే ఎరుకనా?" అడిగింది జంపక్క.

"ఒట్టు. ఎరుక లేదు."

"మేం సారు మొకం చూసి ఇయ్యలే భీమక్కా. నీ మొకం చూసి ఇచ్చినం."



మరుసటి వారం భీమక్క అందరినీ తీసుకుని ఆ బ్యాంకు భద్రాచలం బ్రాంచికి వెళ్లింది. చివరి మనిషి పొదుపు డబ్బు వెనక్కి చేతికొచ్చేదాకా కౌంటర్ దగ్గరే నిలబడింది. ఎవరి పైసా పోలేదు. మిషన్ అక్కడే అప్పజెప్పి, పని మానేసి వచ్చింది.

ఇప్పుడు అందరితో పాటు ట్రాక్టర్ ఎక్కి జూలూరుపాడు వైపు మిర్చి ఏరడానికి పోతోంది. జంపక్క ఆమెతో మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. ఈమధ్య ఆడవాళ్లు తమలో తాము ఒక పొదుపు సంఘం పెట్టుకున్నారు. డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చినప్పుడు ఒక్కరూ భీమక్క వైపు చూడలేదు. తమలోనే ఉన్న సక్రి అనే ఆమె పేరు చెప్పారు. అందరికంటే ముందు సరేనన్నది భీమక్కే.