అలుకులో ఐదు మూతలు

మొన్న జనగామలో మా చిన్నోడి ఇంట్లో గోమార్లు పడ్డాయి. మనుమరాలు ముద్దుపడి తెచ్చుకున్న కుక్కపిల్ల వెంట్రుకల్లోంచి దుంకి, ఆ నల్లని చిన్న పురుగులు పరుపుల్లోకీ బట్టల్లోకీ చేరి, అందరి మడమలూ కొరికి, నాలుగు రోజుల్లో ఇల్లు పీకి పందిరేశాయి. చివరికి మందు కొట్టే అబ్బాయిని పిలిపించారు. మూతికి గుడ్డ, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని వచ్చి, సాయంత్రం దాకా లోపలికి రావద్దని అందర్నీ బయటికి పంపేశాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను గానీ, నా చూపు ఆ తొడుగుల మీద నుంచి కదలనే లేదు.

మా ఊరు కేసముద్రం దగ్గర. మట్టి గోడలు, మట్టి నేల, పైన గూనపెంకులు. నా ఈడు వాళ్ళకు అలుకు గురించి చెప్పనక్కర లేదు కదా, బకెట్లో పేడ నీళ్ళు కలిపి, గొంతుక్కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ చేత్తో నేలంతా పూసుకుంటూ రావడం, ఆరేదాకా పిల్లల్ని గడప తొక్కనీయకపోవడం. ఇప్పటి పిల్లలకు చెబితే ఛీ అంటారు, అననీ. మా అమ్మ అలికిన నేల మీద ఆమె అరచేతి గీతలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కనిపించేవి, వాటి మీద కాలు పెట్టబుద్ధయ్యేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు, వానలు వెనకబట్టాక మా ఇంట్లో గోమార్లు పుట్టాయి. చేను మీద అడవిపందులు పడకుండా కావలికని నాయిన పెంచిన కుక్క పగలంతా మా వాకిట్లోనే పడుకునేది, అవి దాని మీంచే వచ్చాయి. నాయినమ్మ చేయని వైద్యం లేదు. వేపాకు పొగ పెట్టింది, మూలమూలకూ బూడిద చల్లింది, వావిలాకు తెచ్చి చాపల కింద పరిచింది, మంచం కోళ్ళ మీద మసిలే నీళ్ళు పోసింది. ఆ పొగకు మేమే దగ్గి దగ్గి చచ్చాం గానీ గోమారి ఒక్కటి చావలేదు. అన్నిటికన్నా పాడైంది ఏడాది నిండని మా తమ్ముడి ఒళ్ళు. కొరికిన చోటల్లా గోకి గోకి పుండ్లయి, రసి కారి, వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఇక ఏడవలేక మూలిగేవాడు. అమ్మ వాణ్ణి భుజం మీద నుంచి దింపేది కాదు.

ఒక సాయంత్రం అమ్మా నాయినా వాకిట్లోనే కొట్లాడుకున్నారు. కుక్కనన్న ఇడువు, నన్నన్న మా తల్లిగారింటికి తోలు అని అమ్మ. కుక్కను ఇడిస్తే చేనును పందులకు ఇడిసినట్టేనని నాయిన. వాడకట్టంతా విన్నది, కొందరు గోడల మీంచి తొంగి చూశారు కూడా.

తెల్లారి నాయిన మక్కలు వేసుకుని కేసముద్రం మార్కెట్టుకు బండి కట్టుకుని పోయాడు, నాయినమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వేపచెట్టు కిందికి పోయింది. ఆ ఏళ్ళలోనే మా వైపు కొత్తగా పత్తి పండించడం మొదలైంది. పత్తి పురుగుకు కొట్టే మందు సీసా ఒకటి నాయిన చూరులో దాచి పెట్టాడు. అమ్మ దాన్ని తీసి నా చేతికిచ్చింది. ఆ ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మరి.

"దీని మీద ఏం రాసున్నదో జర సదువు బిడ్డా. అలుకుల ఎంత కలుపాలె?"

సీసా మీద ఉన్నదంతా ఇంగ్లీషు. నాకు వచ్చింది ఏబీసీడీలు. రాదని చెబితే నా సొమ్మేం పోయేది? కానీ బళ్ళో ఇంగ్లీషు నేర్చుకుంటున్నానని అమ్మ ఊరంతా చెప్పుకునేది, ఆ మాట పోగొట్టుకోబుద్ధి కాలేదు. పెదాలు ఆడించాను, వేలు పెట్టి చదివినట్టు చేశాను. ఎక్కడో ఐదు అంకె కనిపించింది. ఐదు మూతలని చెప్పాను. పుర్రె బొమ్మ ఏందని అడిగితే, పురుగులు చస్తాయని అర్థమన్నాను.

"చేతికి అంటితే ఏమన్నయితదా?"

"ఏం గాదని రాసున్నదమ్మా."

నన్ను ఎంత మురిపెంగా చూసిందో! ఆ ముందు వారమంతా పత్తి ఏరి, కాయల ముళ్ళకు ఆమె వేళ్ళన్నీ చీరుకుపోయి ఉన్నాయి. ఆ చేతులతోనే పేడ కలిపింది. తలుపు దగ్గరికేసుకుని, గోడల మొదళ్ళు కూడా వదలకుండా రెండు అర్రలూ వంటిల్లూ అలికింది. నేను బడికి పోయాను.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాకు కబురొచ్చింది. అమ్మ గడప మీద పడి ఉంది, ఒళ్ళంతా చెమట, నోట్లో నురుగు. పక్కింటి పెద్దమ్మ ముక్కు మూసుకుని, "మందు వాసన గుప్పున వత్తాంది, పోరి మందు తాగిందే!" అని గుండెలు బాదుకుంది. ఇంకొకరి ఎడ్లబండి మీద పడుకోబెట్టి, వరంగల్ దవాఖానకని కేసముద్రం స్టేషను దారి పట్టారు. స్టేషను చేరకముందే అమ్మ పోయింది.

లోకులు పలుగాకులు. కుక్కను ఇడువనన్నందుకు మందు తాగిందన్నారు. మా మేనమామలు నాయిన చొక్కా పట్టుకున్నారు. తాను కొట్లాడకపోతే ఆమె బతికేదని ఆయన కూడా నమ్మాడు. కుక్కను ఆయనే తాడు కట్టి తీసుకుపోయి ఎక్కడో వదిలి వచ్చాడు. నేను ఒక్క మాట చెబితే తీరేది. భయానికి నోరు లేవలేదు, తర్వాత సిగ్గుకు లేవలేదు, ఆ తర్వాత అలవాటైపోయింది. నన్ను చూడవచ్చిన పెళ్ళివారు తల్లి మందు తాగిన పిల్ల ఇదేనా అని అడిగితే కూడా నేల చూస్తూ కూర్చున్నాను. గోమార్లు మాత్రం పోయాయి. మళ్ళీ ఎన్నడూ ఆ ఇంట్లో కనపడలేదు.

మొన్న ఆ అబ్బాయి పోతూ పోతూ ఒక కాగితం ఇచ్చాడు. అంతా తెలుగే. తొడుగులు లేకుండా ముట్టరాదని పెద్ద అక్షరాల్లో ఉంది. నేను కూడబలుక్కుంటూ పైకి చదువుతుంటే మనుమరాలు నవ్వింది, ఇవన్నీ ఎవరు చదువుతారు నాయినమ్మా అని. ఇప్పుడు మట్టి నేలలు లేవు, అలుకు లేదు, చదువు రానివాళ్ళూ లేరు. నాయిన కూడా లేడు, ఆ తప్పు తనదేననుకుంటూనే పోయాడు. ఆయనకు చెప్పాల్సిన మాట ఇన్నేళ్ళకు మీకు చెబుతున్నాను. మా అమ్మ మందు తాగలేదు. నేను చదివి చెప్పింది నమ్మింది.