తమ్ముడి కోసం ఆగిన రీస్టార్ట్

కాలేజీ పరీక్షల విభాగంలో ఆవిడను అందరూ తాళాలక్క అనేవాళ్ళు. నిజానికి ఆవిడ దగ్గర ఒక్క తాళంచెవీ ఉండదు. సర్వర్లో ఎవరు ఏది తెరవచ్చో తేల్చేది మాత్రం ఆవిడే. రూట్ అధికారం, అంటే అన్నీ తెరిచే హక్కు, ఆవిడ ఒక్కదానికే ఉంది. ప్రిన్సిపాల్ అడిగినా, "మీకెందుకండీ ఆ తలనొప్పి?" అని నవ్వుతూనే కాదనేసేది.

తమ్ముణ్ణి అక్కడ మార్కులు ఎక్కించే పనిలో పెట్టించిందీ ఆవిడే. అతనికీ అందరిలాగే మామూలు ఖాతా ఇచ్చింది. "సొంత తమ్ముడికి కూడానా!" అని ఆఫీసంతా ఆటపట్టించింది.

ఆ వారం కెర్నల్‌లో, అంటే ఎవరికెంత అధికారమో చూసుకునే సర్వర్ మూలభాగంలో, ఒక లోపం బయటపడింది. దాన్ని వాడుకుంటే మామూలు ఖాతావాడు కూడా రూట్ అయి కూర్చోవచ్చు. ఆవిడ వెంటనే కొత్త కెర్నల్ ఎక్కించింది. రీస్టార్ట్ చేయబోతుంటే తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఆగవే! నా మార్కుల లెక్క నడుస్తోంది. ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది."

"రీస్టార్ట్ అయ్యేదాకా నడిచేది ఆ పాత కెర్నలేరా."

"ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవు. నా కోసం ఆమాత్రం ఆగలేవా?"

ఆగింది, పిచ్చిది! ఇంకెవరైనా అడిగుంటే ఆ లెక్క నడుస్తోందో లేదో చూశాకే ఒప్పుకునేది.

మర్నాడు, సర్వర్లో దాచిన ప్రశ్నపత్రం అందరి ఫోన్లలో తిరుగుతోంది. "అన్నీ నీ చేతిలోనే కదమ్మా ఉన్నాయి?" అన్నాడు ప్రిన్సిపాల్. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇక ఉద్యోగం పోవడమే తరువాయి. సర్వర్లో వెతికితే, తమ్ముడి ఖాతాలో మొదలై రూట్ అధికారం సంపాదించిన ప్రోగ్రామ్ ఒకటి కనబడింది. ఆపడం మరిచిపోయాడు కాబోలు, ఇంకా నడుస్తూనే ఉంది. తమ్ముణ్ణి పిలిచింది.

వాడు బుకాయించలేదు. "స్నేహితులు అడిగారక్కా, మొహమాటపడ్డాను. ఇప్పుడు రీస్టార్ట్ చేసేయవే. అది కాస్తా పోతుంది, ఎవరికీ తెలీదు."

"ఆ నింద నా నెత్తిన పడుతుంది, అంతేగా?"

ఆవిడ తెరను వాడి వైపు తిప్పింది.

"నిన్న నీ ఖాతాలో ఏ లెక్కా నడవలేదురా. ఇప్పుడే చూశాను. చూడ్డానికి నిమిషం పట్టలేదు. నిన్న నీ మాట నమ్మి అదీ చూడలేదు." ఇంత మోసమా, అదీ తన దగ్గరా?

"అక్కా, చేసేయవే, నీకు దణ్ణం పెడతాను."

"నిన్న నీ కోసం ఆగాను కదా. ఇంకాసేపు ఆగుతాను," అని ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసింది.