పురుడు ఎవరిది

ఎల్బీనగర్‌లో మా మీది గదిలో కిరాయికుండే ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. భర్త ఆటో నడిపేవాడు. ఇద్దరు పిల్లలు. వేరే దంపతులకు బిడ్డను కని ఇవ్వడానికి ఆమె ఒప్పుకున్నప్పుడు ఆ ఒప్పంద పత్రం చదివి చెప్పింది నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో లా రెండో సంవత్సరం చదువుతున్నాను. అడగకపోయినా సలహాలిచ్చే వయసు. ఇరుపక్షాలకూ ఇష్టమైతే తప్పేముంది అన్నాను. బిడ్డ నీది కాదు, నువ్వు మోస్తున్నావంతే అని కూడా అన్నాను. ఆ రెండో మాట ఆమె అడగలేదు.

కడుపు కనబడే వేళకు, ఒప్పందం కుదిర్చిన ఏజెంటు ఆమెను ఒక హాస్టల్లో పెట్టాడు. ఎక్కడో వంటపనికి పోయిందని కాలనీకి చెప్పారు. మా అమ్మకూ నేను అదే చెప్పాను. ప్రసవమైన ఐదో రోజున ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది.

అవి సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, మా కాలేజీ లేదు. తెలంగాణ కోసం ఈసారి చౌరస్తాలో ఆడాలని, ఇంటికో బతుకమ్మ రావాల్సిందేనని కాలనీ ఆడవాళ్ళు తీర్మానించారు. రానివాళ్ళ ఇంటి నంబరు మైకులో చదువుతారని పుకారు. పురుడున్నవాళ్ళకే మినహాయింపు. పదకొండు రోజులు వాళ్ళు బతుకమ్మను ముట్టుకోకూడదు.

ఇంటికొచ్చిన మర్నాటి మధ్యాహ్నం ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగి నా దగ్గరికొచ్చింది.

"చెల్లె, పిల్ల నాది గాదన్నవ్ గద. మరి పురుడు నాదా, ఆళ్ళదా?"

పత్రం తిరగేశాను. అందులో మందులున్నాయి, పాలూ పండ్లూ ఉన్నాయి, దవాఖానకు పోయే బండి కూడా ఉంది. పురుడు లేదు.

"చట్టప్రకారం నీకు లేదక్కా. ఆడొచ్చు," అన్నాను.

"కాయిదం సంగతి గాదు. పురుట్ల పూలు ముట్టుకుంటే నా పిల్లలకేమన్నయితే ఎట్ల? పోకపోతే ఎందుకు రాలేవని అడుగుతరు. ఏం చెప్పాలె?"

లోపల బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులద్దుతున్న అమ్మ, చేతులు కడుక్కుని బయటికొచ్చింది. అంతా విన్నదని అప్పుడు తెలిసింది. గది ఖాళీ చేయమంటుందనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది, తల ఎత్తలేదు. పాలతో తడిసిన ఆమె జాకెట్టు వంక చూసి అమ్మ, "పోయి పండుకో బిడ్డా," అంది.

సాయంత్రం ఆడవాళ్ళు పిలవడానికొచ్చారు. మా కాలనీలో ఏటా పాట ఎత్తుకునేది అమ్మే.

"మా ఇంట్ల పురుడొచ్చింది. ఈసారి మేం రాం," అంది అమ్మ, గేటు తియ్యకుండానే.

"ఎవలికి?"

"మావోళ్ళకే. మీది గదామె గూడ రాదు. గేటు ఒక్కటే గద."

ఇంటివాళ్ళ పురుడు కిరాయిదారుకు అంటుతుందని ఏ శాస్త్రంలోనూ లేదు. కానీ అమ్మతో వాదించే ధైర్యం ఆ కాలనీలో ఎవరికీ లేదు. వెళ్ళిపోయారు. రంగులద్దిన పూలు పక్కింటికిచ్చేసి అమ్మ వచ్చి మెట్ల దగ్గర కూర్చుంది.

"మనకేం పురుడే?" అన్నాను.

"పుట్టుడైతే పుట్టింది గద. ఎవలో ఒకలు పట్టాలె."

పైమెట్టు మీద నిలబడి వింటున్న ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ప్రసవమయ్యాక అదే మొదటిసారట. నాకు చచ్చేంత సిగ్గేసింది. అమ్మ నాలుగు మెట్లెక్కి ఆమె పక్కన కూర్చుని, ఏం పుట్టిందని అడిగింది.

"ఆడపిల్లంట, పెద్దమ్మా."