బాయి మీద తలాషీ

మొన్న కరీంనగర్‌లో ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్లాను. ఈ మధ్య అలాంటి దుకాణాల ముందు కూడా తలుపు లేని ద్వారబంధం ఒకటి నిలబెడుతున్నారు. దాని కింద నుంచి ఎవరు నడిచినా కుయ్యిమంటుంది. కుయ్యిమన్నా ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు నా చేతి సంచిలో కత్తిపీట ఉంది. నవ్వకండి. మా చెల్లెలికి కొత్త కత్తిపీటలు నచ్చవు, అవ్వ, అంటే మా అమ్మ, వాడిన పాతదే కావాలని ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది. దానికోసమే మోసుకెళ్తున్నాను. ద్వారం కుయ్యిమంది. గార్డు నన్ను చూసి, "మీరు పోండమ్మా" అన్నాడు. నా వెనకాల తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, పక్కన బుర్ఖాలో ఆయన భార్య. ద్వారం వాళ్లకూ అదే కూత కూసింది. ఆయన చేతిలోని టిఫిన్ డబ్బా మూత తీయించి, లోపలి రొట్టెలను ఒక్కొక్కటే ఎత్తి చూశాడు గార్డు. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి బడిపిల్లలను గదమాయించిన నోరు ఊరుకుంటుందా? వెనక్కి తిరిగొచ్చి, "నా సంచి కూడా చూడు నాయనా, అందులో కత్తి ఉంది" అన్నాను. వాడు నవ్వాడు. "మిమ్ముల చూస్తే తెలుస్తలేదా అమ్మా!" అన్నాడు. ఏం తెలుస్తోందిరా నీకు అని అడగబోయాను గాని, వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతుంటే ఊరుకున్నాను. చీరలు చూస్తున్నానన్న మాటే గాని, మనసు మా చాచా మీదికి పోయింది.

చాచా అంటే చిన్నాన్న, పిలుపుకే గాని ఆయన మాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా బాపు పనిచేసిన బొగ్గుబాయి మీదే ఆయనా పనిచేసేవాడు. బాపుది భూమి లోపల, పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపే పని. చాచాది బాయి మీద, దిగేవాళ్లను తలాషీ చేసే పని. బాయిలో గ్యాసు ఉంటుంది. ఎవడైనా మతిలేక అగ్గిపుల్ల గీశాడంటే షిఫ్టు షిఫ్టంతా బుగ్గి. అందుకని నెత్తికి దీపం పెట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతి మనిషి చేతులు చాపించి, చంకల దగ్గర నుంచి బూట్ల దాకా తడిమి, బీడీ గాని అగ్గిపెట్టె గాని లేదని తేలాకే లోపలికి వదిలేవాడు. ప్రతి మనిషినీ అంటే నిజంగానే ప్రతి మనిషినీ. మేనేజరు వచ్చినా అంతే, పై ఆఫీసర్లు కార్లు దిగి వచ్చినా అంతే. "జర చేతులు లేపుండ్రి సార్" అని చాచా ఎంత మర్యాదగా అనేవాడంటే, దండ వేస్తాడేమో అనుకుని వాళ్లు నవ్వుతూ లేపేవాళ్లట. ఇది బాపు చెప్పిన మాట. బాపు కొంచెం కోతలు కోసేవాడు లెండి.

ఒకసారి ఆ బాపే దొరికాడు. తలగుడ్డ మడతలో బీడీ. మరిచిపోయానని బాపు ఎంత మొత్తుకున్నా చాచా వినకుండా ఇంటికి పంపేశాడు. ఆ రోజు డ్యూటీ పోయింది, వరసలో అందరి ముందూ పరువు పోయింది. బాపు ఆయనతో మాట్లాడటం మానేశాడు. మా క్వార్టర్ ముందు నుంచి చాచా పోతుంటే అటు తిరిగి కూచునేవాడు, అలిగిన కొత్తల్లుడి లాగా. చివరికి చాచాయే వచ్చి గడప మీద కూచున్నాడు. "అన్నా, దోస్తువని నిన్నొక్కన్ని ఇడిసిన్ననుకో, రేపు మిగిలినోళ్లను ఏ మొఖం పెట్టుకుని ఆపాలె? అందరి మీద చెయ్యేస్తున్న గనకనే ఎవ్వలు నన్ను తిడ్తలేరు" అన్నాడు. అవ్వ లోపలి నుంచి రెండు కప్పుల చాయ్ తెచ్చి మధ్యలో పెట్టింది. అంతటితో ఆ అలక తీరింది.

ఉద్యోగం దిగిపోతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా. ఇద్దరూ ఊరి చివర పక్కపక్కన జాగాలు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, ఆ గోడ మీద నుంచి గిన్నెలు అటూ ఇటూ నడిచేవి. రంజాన్ నెలలో సాయంత్రం పూట అవ్వకు పొయ్యి ముట్టించే పనే ఉండేది కాదు. బతుకమ్మకు గునుగు పువ్వు ఎక్కడుందో వెతికి తెచ్చేది చాచా భార్య, మా చాచీ, పేర్చేటప్పుడు పక్కన కూచుని వంకలు పెట్టేదీ చాచీయే. ఆమెకు ఒక విద్య వచ్చు. బొగ్గు పేల్చే మందుకు ఎర్రవీ, పచ్చవీ, తెల్లవీ సన్నటి వైర్లు కడతారు. పేలిన తర్వాత ఆ వైరు ముక్కలు బొగ్గులో మిగిలిపోతాయి. వాటిని పారేసే ఇల్లు మా బాయిల ఊళ్లలో లేదు. బట్టలు ఆరేసే తీగ అదే, దడికి కట్టు అదే. తీరికున్న ఆడవాళ్లు వాటితో బుట్టలు అల్లుతారు. చాచీ బుట్టలు మరీ అందంగా ఉండేవి. గల్లీలో ఏ ఇంట్లో చూసినా ఆమె అల్లినదే ఒకటి కనబడేది. మాది ఉల్లిగడ్డల బుట్ట. ఒకసారి పేలిన వైరుతో ఇక ఏదీ పేలదని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. ఊరు దాటితే ఎవరికీ తెలియదని మాకు తెలియదు.

ఆ రోజుల్లోనే పట్నంలో బాంబులు పేలాయి. మా మేనమామ కూతురు అక్కడ చదువుకుంటోంది. బస్సు కోసం నిలబడ్డ పిల్లకు మోకాలి కింద కాలు పోయింది. అవ్వ దవాఖానలో దాన్ని చూసొచ్చి, నేల మీద కూలబడి, "ఆ పని చేసినోళ్ల చేతులు పడిపోను" అని నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టింది. గోడవతల నుంచి చాచీ "ఆమీన్" అంది. చాచా బాపుతో పాటు పట్నం పోయి, దవాఖాన వరండాలో మా మేనమామ చెయ్యి పట్టుకుని కూచుని వచ్చాడు. అబద్ధమెందుకు, మా అందరికీ భయమేసింది. బస్టాండులో ఎవరిదో తెలియని సంచి కనబడితే నేను లేచి అవతలి కొసకు పోయి నిలబడేదాన్ని. పోలీసులు ఊరూరా వెతకాలి, ఇల్లిల్లూ వెతకాలి అని మేమే అన్నాం.

వెతుక్కుంటూ మా గల్లీకే వచ్చారు. ఆ రోజు బాపూ అవ్వా నేనూ సంతకు పోయి ఉన్నాం. జరిగింది చాచీ ఏడుస్తూ చెప్పింది. పేలుడు మందు బొగ్గుబాయిల వైపు నుంచి పోయి ఉంటుందని పోలీసులకు అనుమానమట. అనుమానించడం వాళ్ల పని, దాన్ని నేను తప్పు పట్టను. కాని జీపు గల్లీ మొదట్లో ఆగలేదు. అన్ని ఇళ్లూ దాటుకుని సరాసరి చాచా ఇంటి ముందు ఆగింది. చాచా నవ్వుతూనే ఎదురొచ్చాడట. "చూసుకోండ్రి సార్, నేను గూడ గిదే డ్యూటీ చేసినోణ్ని" అని తనే బీరువా తెరిచాడట. మంచం కింద వైరు కట్టలు, సగం అల్లిన బుట్ట దొరికాయి. ఇవెక్కడివని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "బాయియి సార్. మా దగ్గర అందరిండ్లల్ల ఉంటయి" అన్నాడు చాచా. "అయితే ఎవలెవలిండ్లల్ల ఉన్నయో చెప్పు, పోయి చూస్తం" అన్నాడు ఇన్‌స్పెక్టర్. చాచా వాకిట్లోకి చూశాడు. గల్లీ అంతా గడపల్లో నిలబడి ఉంది. ఒక్కరైనా తమంతట తాము నోరు తెరుస్తారేమోనని ఆయన అలా చూశాడని చాచీ అంది. ఎవరూ తెరవలేదు. "నాకు తెల్వది సార్" అన్నాడు చాచా. ఇప్పుడే అందరి దగ్గరా ఉందన్నవాడు ఇప్పుడే తెలియదంటే ఏ పోలీసుకైనా అనుమానం రాదా? జీపెక్కించుకుని తీసుకుపోయారు. తన వేలితో ఇంకొకరి ఇల్లు చూపించడం చాచాకు చేతకాలేదు. అదే ఆయన చేసిన తప్పు.

మేం సంత నుంచి వచ్చి గల్లీ మలుపు తిరగగానే ప్లాస్టిక్ కాలుతున్న కంపు ముక్కుకు కొట్టింది. ప్రతి వాకిట్లో చిన్న పొగ. పోలీసులు మళ్లీ వస్తారని ఎవరో అన్నారట, అంతే, ఎవరి బుట్టలు వాళ్లు తగలబెట్టుకుంటున్నారు. ఎదురింటి అక్కను ఇదేం పని అని అడిగితే, "పాత బుట్ట, చీమలు పట్టినయ్" అంది, నా మొహం చూడకుండా. చాచా ఏ పాపమూ ఎరగడని చెప్పే సాక్ష్యం గల్లీ నిండా ఉంది. దాన్ని గల్లీ అంతా కలిసి కాల్చుకుంటోంది. బాపు నడిరోడ్డు మీద నిలబడి, "పేలిపోయిన వైరుకు గింత భయమేందే! మీరు బాయిల పనిచేసినోళ్లేనా?" అని అరిచాడు. వాళ్లేం దుర్మార్గులు కారు. రేపు నేను చస్తే పాడె మోసేది వాళ్లే. భయం అంత మంచివాళ్లను కూడా అలా చేసింది. ఆ కంపు తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

అవ్వ ఇంట్లోకి పోయి, ఉల్లిగడ్డల బుట్టను ఉల్లిగడ్డలతో సహా చంకనెత్తుకుంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయింది. మేమిద్దరం వెనకాల పరుగెత్తాం. ఠాణాలో ఇన్‌స్పెక్టర్ బల్ల మీద బుట్ట పెట్టి, "మా ఇంట్ల గూడ ఉన్నది సారూ, నన్ను గూడ కూసోబెట్టు" అంది. ఆ ఇన్‌స్పెక్టర్ వయసులో నాకన్నా చిన్నవాడు, కళ్లు చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. "ఇది ఆయన ఇంట్లకెళ్లే తెచ్చినవేమో, నాకెట్ల తెలవాలమ్మా?" అన్నాడు. అవ్వ బుట్టను బోర్లించింది. ఉల్లిగడ్డలు ఫైళ్ల మీదుగా దొర్లి కింద పడ్డాయి, వాటి వెనక బుట్ట అడుగున ఏళ్లుగా పేరుకున్న ఉల్లిపొట్టంతా రాలింది. "గీ పొట్టు చూడు, ఎన్నేండ్లదో నువ్వే చెప్పు" అంది. కానిస్టేబుల్ నవ్వాపుకుంటూ ఉల్లిగడ్డలు ఏరాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "నేను ఎవన్నన్న ఊకె ఇడిసిపెట్టి రేపు ఇంకోటి పేలితే, జనం నన్నే అడుగుతరమ్మా" అన్నాడు.

"అడుగుతం సారూ. నా మేనకోడలు కాలు పోయింది, అందరికన్నా ముందుగల్ల నేనే అడుగుత" అంది అవ్వ. "ఆ పాపిష్టోడు దొరకాలె. కానీ ఈయన్ను గీడ కూసోబెట్టుకున్నంత సేపు వాడు ఆడ హాయిగ తిరుగుతున్నట్టే గదా? వెతుకుండ్రి. మా గల్లీ అంత వెతుకుండ్రి. మా ఇంటికెళ్లే షురూ జెయ్యుండ్రి." ఇన్‌స్పెక్టర్ ఆమెకు కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించాడు. మర్నాడు బాయి ఆఫీసరును పిలిపించి వైరు సంగతి కనుక్కున్నాడు. ఆ సాయంత్రమే చాచాను వదిలేశారు.

కొట్టలేదు, తిట్టలేదు, చాయ్ కూడా ఇప్పించారని చాచాయే చెప్పాడు. బాపు పక్కన నడుస్తూ గల్లీలోకి వచ్చి, మొదటి ఇంటి ముందే ఆగిపోయాడు. వాకిట్లో కరిగి గడ్డకట్టిన నల్లటి మరక. దాన్ని చెప్పుతో కదిపి చూశాడు. అందులో ఎర్ర వైరు ముక్క ఒకటి కాలకుండా మిగిలింది. తలెత్తి పక్క వాకిలి చూశాడు, ఆ పక్కది చూశాడు. అందరూ బయటికొచ్చి, "వచ్చినవా చాచా, మంచిగైంది" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఎదురింటి అక్క అయితే ఏడ్చేసింది. "అంత మంచిదే బిడ్డా" అంటూ ఆయన ఇంట్లోకి పోయాడు. చాచీ మళ్లీ బుట్ట అల్లగా నేను చూడలేదు.

ఆ రంజాన్ వెళ్లాక వాళ్లు సామాను సర్దుకున్నారు. కరీంనగర్‌లో కూతురి ఇంటి దగ్గర, అంతా వాళ్లవాళ్లే ఉండే గల్లీలో కిరాయికి తీసుకున్నారు. బాపు నమ్మలేదు. ట్రాలీ ఆటో వచ్చి నిలబడేదాకా నమ్మలేదు. పోలీసులు మళ్లీ వస్తారని భయమా, వస్తే ఈసారి తను గడప మీద అడ్డం పడుకుంటానని అన్నాడు. చాచా తల ఊపాడు. "పోలీసోళ్ల మీద నాకేం కోపం లేదన్నా, వాళ్ల డ్యూటీ వాళ్లది. కానీ పొద్దున లేసి గల్లీల నడుస్తుంటే, వీళ్లు కాలవెట్టిన్రు, వీళ్లు గూడ కాలవెట్టిన్రు అని ఒక్కొక్క ఇల్లు చూసుకుంట పోతున్న. చూడొద్దనుకుంటనే చూస్తున్న. అందరు నాతోని మంచిగనే మాట్లాడుతున్రు, నేను మనసుల వాళ్లను తలాషీ చేస్తున్న. గిట్ల బతుకుడు నాతోని గాదు. మావోళ్ల నడుమ ఉంట."

బాయి దిగేవాళ్లకు మావోళ్లంటే ఒకటే అర్థం, షిఫ్టువాళ్లు. పైకప్పు కూలితే ఒకరినొకరు తవ్వి తీసుకోవలసినవాళ్లు. బాపుకు ఇంకో అర్థం తెలియదు. "మరి మేమెవ్వలం భాయ్?" అని అడిగాడు. చాచా బాపు భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తీయలేదు. "మీరా? మీరు మంచోళ్లన్నా" అన్నాడు. బాపు మొహం చూడలేక నేను లోపలికి వచ్చేశాను.

పండుగలకు ఫోన్లు నడిచాయి, పెళ్లిళ్లకు రాకపోకలు నడిచాయి, ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. తర్వాత బాపు పోయాడు, ఆ వెనకే అవ్వా పోయింది, కరీంనగర్‌లో చాచా కూడా పోయాడు. చాచా మా గల్లీ వదిలాక కూడా వాళ్లకు చాలానే కాలం మిగిలింది, ఆ కాలమంతా మేం ఆయనకు మంచివాళ్లుగానే ఉండిపోయాం.