టిటవి గుడ్లు ఎక్కడ పెట్టింది

ఎండాకాలం జలాశయం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బాసర చుట్టుపక్కల పల్లెలకు ఒక కొత్త మైదానం పుట్టుకొస్తుంది. వానాకాలంలో పడవలు తిరిగిన చోట గడ్డి మొలిచి బర్రెలు మేస్తాయి, జింకలు దిగుతాయి. నీటి అంచున రాజహంసలు బారులు తీరతాయి. నేను ఏటా మే నెలలో అక్కడికి వెళతాను. ఈ వయసులో ఊరికే తిరుగుతున్నానంటే జనం అనుమానంగా చూస్తారు. పిట్టలను చూడడానికి వచ్చానంటే నవ్వి చాయ్ ఇస్తారు.

ఆ ఉదయం దుర్భిణి కళ్లకు పెట్టుకునే నడుస్తున్నాను.

"ఓ సారూ! కాలు కింద పెట్టకు!"

ఒంటికాలి మీద ఆగిపోయాను. బర్రెల మధ్య నుంచి కర్ర పట్టుకుని ఒక ముసలామె వచ్చింది.

"కొంగ లెక్క మంచిగనే నిలవడ్డవు. ఇగ గా కాలు ఎనుకకు పెట్టు."

నా చెప్పు దిగబోయిన చోట, ఎండిన బర్రె గిట్ట గుంటలో, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న నాలుగు గుడ్లు. తీతువువి. మరాఠీ గాలి సోకిన ఈ ఊళ్లలో దాన్ని టిటవి అంటారు. తల్లి అప్పటికే మా నెత్తిమీద తిరుగుతూ తిట్టిపోస్తోంది.

"గంత పెద్ద కండ్లు పెట్టుకున్నవు గని కాళ్ల కాడిది కానరాకపాయె," అందామె కూడా.

ఆమె పేరు సక్కుబాయి. అరవై దాటాయి. భర్త పోయాక పుట్టిన ఊరికే వచ్చి, తమ్ముడు అంబదాస్ ఇంటి పక్కన రెండు గదులు వేసుకుంది. మూడు బర్రెల పాలు ఊళ్లో పోస్తుంది. ఇది కాక ఆమెకు ఇంకో పని ఉంది. రోహిణి కార్తెలో టిటవి గుడ్లు ఎక్కడ పెట్టిందో చూసి చెప్పాలి. మెరకలో పెడితే వానలు ముందొస్తాయి, పల్లంలో పెడితే ఆలస్యం. ముందొస్తాయంటే పత్తి రైతులు పొడి దుక్కిలోనే గింజ పెట్టేస్తారు. ఆలస్యమంటే ఆగుతారు. సక్కుబాయికి ముందు ఈ పని వాళ్ల అవ్వ చేసేది.

నేను నవ్వలేదు. పాత రోములో పంజరంలోని కోళ్లు గింజలు తింటే తప్ప యుద్ధానికి కదిలేవాళ్లు కాదట. ఎంతెంత గొప్ప సేనాపతులు కోడి ముక్కు వైపు చూస్తూ నిలబడి ఉంటారో! సక్కుబాయి నయం, అడవి పిట్ట దగ్గరికి తానే నడిచి వెళుతుంది.

"ఈసారి పల్లంలో పెట్టింది కదా. ఆగమని చెప్పేస్తే సరి," అన్నాను.

ఆమె బర్రె వీపు మీద చెయ్యి వేసింది.

"పోయినేడు చెప్పిన గద సారూ. గదే ఫికర్."

పోయినేడు రోడ్డు పనికని పోసిన కంకర కుప్ప మీద టిటవి గుడ్లు పెట్టింది. మనిషెత్తు కుప్ప. అంత మెరక తన జన్మలో చూడలేదనుకుని, వానలు ముందొస్తాయని సక్కుబాయి ఊరంతా చెప్పింది. అంబదాస్ నాలుగెకరాల్లోనూ గింజ పెట్టాడు. మూడు వారాలు చుక్క పడలేదు. గింజలు భూమిలోనే మాడిపోయాయి. మళ్లీ పెడితే సగం పంట వచ్చింది. ఊరు ఆమెను అడగడం మానేసింది. అంబదాస్ మానలేదు.

"పిట్టకు కంకర గావాలె, గుడ్లు దాసుకోనీకి. నేను ఎత్తు సూసిన. మా అవ్వ కాలంల కంకర కుప్పలు యాడియి? ఈసారి గూడ తప్పు చెప్తే మా తమ్ముని పిల్లల ముంగట ఎట్ల తిరగాలె?"

ఒక్క గూడు చూసి చెప్పనంది. మూడు రోజులు కలిసి వెతికాం. దిబ్బల మీద, బీళ్లలో, నీటి అంచున. ఒకటైతే రైలు పట్టాల పక్కన రాళ్లలో కనిపించింది. "గిది మెరకనా, పల్లమా?" అంటూ ఆమె కట్ట కిందే కూలబడింది. ఒక మధ్యాహ్నం, భూమి పెనంలా కాలుతుంటే, తల్లి పిట్ట నీళ్లలో కూర్చుని పొట్ట ఈకలు తడుపుకొని, పరుగున వచ్చి గుడ్లు చల్లబడేలా వాటి మీద కూర్చుంది.

"గుడ్లు సూసి మర్లిపోతుంటి. దీన్ని ఎన్నడు సూడలే," అంది సక్కుబాయి.

మూడో రోజు సాయంత్రం అంబదాస్ వాకిట్లో కూర్చున్నాం. మంచం మీద పత్తి గింజల పాకెట్లు.

"ఏమంటుందే అక్కా నీ టిటవి? పక్క చేన్లోళ్లు రేపే పెడుతుండ్రు."

"తెల్వది."

"గదేంది?"

"పదకొండు గూళ్లు సూసినం. ఆరు మీద, ఐదు కింద. నాకు తెల్వది తమ్మీ. దానికి సుత తెల్వది."

అంబదాస్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, పగలబడి నవ్వాడు.

"గీ మాట పోయినేడు అంటే ఎంత మంచిగుంటుండె!"

"నవ్వకురా! నమ్మకుంటె ఎందుకడిగినవ్?"

"అందరు బంద్ చేసిండ్రు. నేను గూడ బంద్ చేస్తె నువ్వు ఇంట్లకెల్లి బయటికొస్తుంటివా?"

సక్కుబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. అంబదాస్ పాకెట్లు తీసుకెళ్లి అటక మీద పెట్టాడు. "భూమి జానెడు తడిస్తెనే పెడ్త. పక్కోళ్లది పక్కోళ్లు సూసుకుంటరు. చాయ్ తాగు సారూ."

మర్నాడు పొద్దున చెప్పి వెళదామని నీటి ఒడ్డుకు వచ్చాను. నల్లటోపీ పెట్టినట్టున్న తలతో, పసుపు ముక్కుతో ఒక తెల్లపిట్ట నీళ్ల మీద ఎగురుతోంది. సక్కుబాయి దాన్నే చూస్తోంది.

"గా టోపీదాని గుడ్లు యాడుంటయి సారూ?"

"అదిగో, ఆ ఇసుక దిబ్బల మీద."

"వాన సంగతి ఏమన్న చెప్తదా అది?"

"ఏమీ చెప్పదు."

"అయితె పా, దూరంకెల్లి సూసొద్దాం," అంది.