రెండు లైన్ల మొనగాడు

ఈ బరువు ఇన్నేళ్లు మోశాను. మోశానని గొప్పగా అంటున్నాను గానీ, నిజానికి దాచాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టే చెబుతున్నాను. నా ధైర్యం ఆపాటిది.

ఇంజనీరింగు సీట్ల ఆప్షన్లు ఆన్‌లైన్లో పెట్టడం మొదలైన కొత్తలో తిరువూరులో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అందరికీ ఒక్క లైనే. నాకు రెండు, వేర్వేరు కంపెనీలవి. బోర్డు మీద రాయించుకుని మరీ మురిసిపోయాను, వెధవని. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఆపదకి ఆగి ఉండాలి. అది ఊరికే పడి ఉండటం నాకు నచ్చలేదు. బయటికి పోయేదాన్నంతా ఎటు పంపాలో రూటరుకి ముందే చెప్పిపెడతాం. దాన్ని డిఫాల్ట్ రూట్ అంటారు. నేను రెండు చెప్పాను, సమానంగా. ఒకసారి ఇటు, ఒకసారి అటు.

మామూలు పేజీలు బాగానే వచ్చేవి. లాగిన్ అయితేనే తంటా, లైను మారినప్పుడల్లా సైటుకి కనబడే మన చిరునామా మారిపోయేది. లోపల కూర్చోబెట్టిన మనిషే ఇంకో ఊరి పేరు చెప్పి మళ్లీ తలుపు కొడితే ఎవరు నమ్ముతారు? సైటు బయటికి నెట్టేసేది. అప్పటికి నాకది తెలియదు. తెలియకపోవడం నేరం కాదు. నేరం తర్వాతది.

ఆప్షన్లకి ఆఖరి రోజున విస్సన్నపేట నుంచి రహీమా వచ్చింది. తండ్రిది షేర్ ఆటో. మంచి ర్యాంకు. కాలేజీలు ఎంచుకుంటుంది, సేవ్ నొక్కుతుంది, బయటికొచ్చి పడుతుంది. మధ్యాహ్నమంతా అదే.

"సార్, మళ్లీ పోయింది సార్."

"చేతులు వణుకుతుంటే పోక ఏమవుద్ది? కీబోర్డు ముట్టుకోవడం రానోళ్లకి ఇంజనీరింగులెందుకమ్మా?"

పక్క కుర్చీల వాళ్లు నవ్వారు. ఆమె లేచి వెళ్లిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నది నాలాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

ఆమె తప్పేనని చూపించడానికి అదే కుర్చీలో కూర్చుని నా బ్యాంకు ఖాతా తెరిచాను. నన్నూ నెట్టేసింది. అర్థమైంది. ఒక లైను పీకాను, లాగిన్ నిలబడింది. గడువుకి ఇంకా గంట ఉంది. వాళ్ల ఆటో ఎదురుగా బస్టాండు దగ్గర జనం కోసం ఆగే ఉంది, కేకేస్తే వినపడేంత దూరంలో. నేను కేకేయలేదు. ఎందుకు? ఇందాక నవ్వినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణమేదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లు నాలో నేనే వెతుక్కున్నాను, దొరకలేదు. ఒక ఆడపిల్ల చదువుకి నేను కట్టిన వెల, నలుగురు పనిలేనివాళ్ల నవ్వు.

ఆప్షన్లు పడక సీటు పోయింది. వచ్చే ఏడు చూద్దామన్నాడట తండ్రి. ఆ ఏడు రాలేదు. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది.

కొన్నేళ్లకి తమ్ముడి అప్లికేషన్ పెట్టించడానికి నా దగ్గరికే వచ్చింది. కుర్చీ చూపిస్తే వెనక్కి తగ్గింది. "మీరే కొట్టండి సార్. నాకు చేతులు వణుకుతాయి, మీకు తెలుసుగా" అని నవ్వింది.

అప్పుడూ నోరు విప్పలేదు. నేనే కొట్టాను, ఒక్క తప్పు లేకుండా.

ఆమె చేతులు వణకలేదు. ఆ రోజూ వణకలేదు. ఈ మాట రాశాక కాస్త ఊపిరాడుతోంది. అదీ నాకే, ఆమెకి కాదు.