ఒడ్డు నుంచి ఫోను చెయ్యకూడదు

మా ఇంట్లో ఒక సెల్లు, బోటు మీద ఒక సెల్లు ఉండేవి. బోటు సెల్లు నుంచి ఇంటికి ఫోను రావచ్చు. ఇంటి సెల్లు నుంచి బోటుకి మాత్రం చెయ్యకూడదు. అది మా అత్త పెట్టిన కట్టు.

మొన్న ఈ బ్లాగులో ఎస్టీడీ బూతు ముందు గంటలు గంటలు నిలబడ్డ సంగతి రాస్తే, చదివిన ఒకావిడ “సెల్లు వచ్చాక మీకు హాయి అయ్యుంటుంది కదండీ” అని కింద రాశారు. ఆవిడకి జవాబు చెబుదామని కూర్చున్నాను. రెండు ముక్కల్లో తేలేట్టు లేదు. గుడివాడలో మా అమ్మాయి ఇంట్లో, తన కంప్యూటరు మీద రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాలి. తప్పులుంటే సర్దుకోండి.

మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు. నేను పుట్టింది బందరు వైపు. మేనత్త కొడుక్కే ఇచ్చి చేశారు గనక పెళ్ళయ్యాక కూడా ఆవిడ నాకు అత్తే, ఆయన బావే. చిన్నప్పటి పిలుపులు మారలేదు.

మా వాళ్ళలో చేపల వేటకి బయల్దేరిన మగమనిషిని గడప దాటాక వెనక నుంచి పిలవరు. ఏం మర్చిపోయినా సరే పిలవరు. బావ అన్నం క్యారేజీ మర్చిపోతే నేను ఇసకలో పరిగెత్తి, ఆయన్ని దాటిపోయి, ఎదురుగా నిలబడి రొప్పుతూ అందించేదాన్ని. “ఏంటే, పరుగు పందేనికి పేరిచ్చావా?” అని నవ్వేవాడు. అందరిళ్ళలో ఉన్నదే ఇది. మా ఇంట్లో ఇంకా గట్టిగా ఉండేది. ఎందుకో అత్త ఒక్కసారే చెప్పింది, ఇద్దరం ఎండుచేపలు తిరగేస్తుండగా. ఉప్పెన వచ్చిన రోజు పొద్దున మామయ్య నావని పైకి లాగి వస్తానని బయల్దేరాడట. చుట్టలు మర్చిపోయాడని ఈవిడ వెనక నుంచి కేకేసిందట. ఆయన వెనక్కొచ్చి, చుట్టలు బొడ్లో దోపుకుని, నవ్వి వెళ్ళాడట. మళ్ళీ కనపడలేదు. అంతే చెప్పి, “ఆ పక్కవి కూడా తిప్పు పిల్లా, కాకులొస్తయ్యి” అంది.

సెల్లు వచ్చాక బావ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, బోటు మీద బియ్యం డబ్బాలో పెట్టుకునేవాడు. ఒడ్డు దగ్గరపడి సిగ్నలు గీతలు కనపడగానే ఫోను చేసేవాడు. ఇంజను మోతలో ఆయన అరుపులు మా వాకిట్లో దాకా వినపడేవి. “వచ్చేస్తన్నాం, నీళ్ళు కాచు. అమ్మకివ్వు.”

అత్త రెండో చెవి చేత్తో మూసుకుని శ్రద్ధగా వినేది. మాట్లాడేది మాత్రం కాదు. కొడుకు అడిగినవాటికి తల ఊపేది. తిన్నావా అంటే ఊపేది, మందు వేసుకున్నావా అంటే ఊపేది.

“నానమ్మా, నువ్వు తల ఊపితే నాన్నకి ఎట్టా తెలుస్తది?” అని మా అమ్మాయి పడీపడీ నవ్వేది.

“ఎందుకు తెలవదే? వాడు నా కొడుకు” అనేది.

బావకి అదే అలవాటయింది. అవతల ఏ శబ్దమూ లేకపోతే, “ఊపావా? సరే, ఉంటా మరి” అని పెట్టేసేవాడు. అత్త ఫోనుని పమిట కొంగుతో తుడిచి గూట్లో పెట్టేది.

ఒక ఏడు ముసురు పట్టినప్పుడు అత్తకి ఆయాసం మొదలైంది. బావ వేటకి వెళ్ళేటప్పటికి కొంచెమే. “జలుబు దిగిందిలే, నువ్వెళ్ళు” అని తనే పంపింది. ఆయన వెళ్ళాక ఎక్కువైంది. అవనిగడ్డ తీసుకెళ్తే డాక్టరుగారు చూసి, నన్ను పక్కకి పిలిచి, “ఇంటికి తీసుకెళ్ళమ్మా. కొడుకుంటే రమ్మని కబురు చెయ్యి” అన్నారు.

అప్పటికి మా అమ్మాయి గుడివాడలో కంప్యూటరు నేర్చుకుంటోంది. కబురు తెలిసి బస్సెక్కి వచ్చేసింది. వస్తూనే గూట్లో ఫోను చేతిలోకి తీసుకుంది. అత్త మంచం మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు. వాణ్ణి వెనక నుంచి పిలవమాకు.”

“ఇది వెనక నుంచి పిలవటం ఎట్టా అవుతది నానమ్మా? గాల్లోంచి పోయి ఆయన చెవిలో మోగుతది. వెనకా లేదు ముందూ లేదు.”

అత్త కాసేపు ఆయాసపడి అడిగింది. “ఆ టవరు ఎక్కడుంది?”

“నాగాయలంకలో.”

“ఒడ్డునేగా. మరి వాడికి వెనకేగా.”

మా అమ్మాయి ఏడుస్తూ నా వైపు తిరిగింది. “అమ్మా, నువ్వైనా చెప్పు. నాన్నని చూడాలని నానమ్మకి లేదా?”

“లేకేం” అంది అత్త. “చూడాలనే ఉంది. అందుకే వాణ్ణి క్షేమంగా రానియ్యండి.”

ఆ తర్వాత ఫోను తన తలగడ కింద పెట్టించుకుంది. ఎవరూ చెయ్యకుండా కాపలానో, మోగితే తనకే వినపడాలనో. రెండూ అయ్యుండొచ్చు. మధ్య మధ్యలో తలగడ కిందికి చెయ్యి పెట్టి తడిమి చూసేది. కళ్ళతోనే మోగిందా అని నన్ను అడిగేది. లేదత్తా, మోగితే నీకే ఇస్తాను అనేదాన్ని. అప్పుడు బోటు ఉన్నచోట సిగ్నలు ఉందో లేదో మాకెవరికీ తెలియదు. చేస్తేనే కదా తెలిసేది.

మర్నాడు పొద్దున్నే, నేను గంజి వార్చి తెచ్చేసరికి వెళ్ళిపోయింది. చెయ్యి తలగడ కిందే ఉంది.

వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. దింపి చాప మీద పడుకోబెట్టాం. దవడకి గుడ్డ కట్టాం. ఏడుపులు ఇల్లు దాటి వీధిలోకి వినపడుతున్నాయి. ఎండ పైకెక్కుతుండగా మంచం మీద తలగడ కింద ఫోను మోగింది.

నేనెవరికీ ఏమీ చెప్పలేదు. ఫోను మోత వినగానే ఇంటినిండా ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడుపు ఆపేశారు. పమిట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. నీళ్ళ మీద ఉన్న మనిషికి చావు కబురు చెప్పరాదని వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ మగాళ్ళు కొందరు ఆ బోటులోనే ఉన్నారు.

“వచ్చేస్తన్నాం, నీళ్ళు కాచు” అన్నాడు బావ. “ఏంటి, గొంతు అట్టా ఉంది?”

“పొయ్యి దగ్గరున్నా, పొగ.”

“అమ్మ ఎట్టా ఉంది? అమ్మకివ్వు.”

అమ్మాయి నా వైపే చూస్తోంది. నేను చాప దగ్గర కూర్చుని, కట్టిన గుడ్డ కొంచెం పక్కకి జరిపి, ఫోను అత్త చెవికి ఆనించాను. ఆయన అరుపు గదిలో అందరికీ వినపడుతోంది.

“అమ్మా! మాగచేప పడిందే, పెద్దది. తలకాయ నీకే. పులుసు పెట్టిచ్చుకుందువుగాని. ఆయాసం తగ్గిందా?”

ఇంజను మోత.

“ఊపావా? సరే, ఉంటా మరి.”

ఫోను తీసి పమిట కొంగుతో తుడిచాను. తుడుస్తుంటే మా అమ్మాయి నోరు మూసుకుని దొడ్లోకి పరిగెత్తింది.

బావ రేవులో దిగి వచ్చేటప్పుడు ఎదురెళ్ళలేదు నేను. వాకిట్లో జనాన్ని చూసి ఆగాడు. చేతిలో కవరు, కవర్లో మాగ తల.

“ఎప్పుడు?” అన్నాడు.

“పొద్దున్నే, బావా.”

నా మొహం కేసి చాలాసేపు చూశాడు. ఫోను సంగతి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. కవరు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని లోపలికి వెళ్ళి, తల్లి పక్కన కూర్చున్నాడు. ఎవరో వచ్చి మెల్లిగా దాన్ని ఆయన వేళ్ళలోంచి విడిపించారు.

మా అమ్మాయికి ఇప్పటికీ కోపమే. “ఆ రోజు ఒక్కసారి నొక్కనిచ్చుంటే సాయంత్రానికి వచ్చేవాడమ్మా. నానమ్మ చూసుకునేది” అంటుంది. నిజమే కావచ్చు. ఇప్పుడు తను గుడివాడ నుంచి ఎప్పుడు పడితే అప్పుడు వాళ్ళ నాన్నకి ఫోను చేస్తుంది. సిగ్నలుంటే ఆయన ఎత్తుతాడు, నవ్వుతూ మాట్లాడతాడు, ఏమీ కాలేదు. నాకు మాత్రం వేలు ఆ మీట మీదికి వెళ్ళదండీ. ఆయన చేసేదాకా కూర్చుంటాను.

చేస్తాడు. వచ్చేస్తన్నాం అంటాడు, నీళ్ళు కాచమంటాడు. మునుపు ఆ తర్వాత అమ్మకివ్వు అనేవాడు. ఇప్పుడు ఆ మాట ఉండే చోట ఏమీ అనడు, అలాగని పెట్టెయ్యడు కూడా. ఇంజను మోత ఒక్కటే వినపడుతుంది. నేనూ ఏమీ అనను. ఆయనంతట ఆయన పెట్టేసేదాకా ఫోను చెవి దగ్గరే ఉంచుతాను.